నీరెండలో కొమ్మ

ఫోటోలో వెలుతురును మార్చడం అబద్ధమాడటమేనా? ఇప్పుడు ఏ గూడెంలో చూసినా ఫోన్ పట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. పొద్దు వాలే వేళ మోదుగ కొమ్మను ఫోటో తీస్తారు. ఎడిటింగ్‌లో కాస్త పసుపు, కాస్త ఎరుపు పెంచి స్టేటస్ పెడతారు. "ఇదంతా మోసం, ఉన్నది ఉన్నట్టు చూపాలి" అని కొందరు పెద్దలంటారు. "నా ఫోటో, నా ఇష్టం" అని పిల్లలంటారు. ఈ రెండు మాటల్లోనూ ఏదో తక్కువైందని నాకనిపిస్తుంది.

ముందు ‘ఉన్నది ఉన్నట్టు’ అనే మాటను చూద్దాం. ఉదయం, సాయంత్రం సూర్యకాంతి మన దాకా రావాలంటే ఎక్కువ దూరం గాలిలో ప్రయాణించాలి. ఆ దారిలో నీలికాంతి చెదిరిపోయి, పసుపు, ఎరుపు ఎక్కువగా మిగులుతాయి. అందుకే నీరెండకు ఆ రంగు. కానీ తెల్లని వస్తువు ఏ వెలుతురులోనైనా తెల్లగానే కనబడాలన్నట్టు ఫోన్ కెమెరాను తయారుచేస్తారు. అందువల్ల అది నీరెండలోని పసుపును చాలాసార్లు తనంతట తానే తగ్గించేస్తుంది. కళ్ళముందు బంగారంలా మెరిసిన కొమ్మ ఫోన్‌లో పాలిపోయి కనబడేది ఇందుకే. అంటే మనం వేలు పెట్టకముందే ఫోటో ఒకసారి మారిపోయింది. ఆ పసుపును తిరిగి పెంచిన పిల్లవాడు అబద్ధమాడటం లేదు. తాను చూసినదానికి దగ్గరగా వస్తున్నాడు.

ఇంకో సంగతి. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండు గ్రామాల్లో తీసిన నలుపు తెలుపు ఫోటోలు మనలో చాలామంది చూసే ఉంటారు. వాటిలో అసలు రంగే లేదు. ఫోన్‌లో మనం చేసే ఏ దిద్దుబాటు కన్నా అది పెద్ద మార్పు. అయినా వాటిని ఎవరూ అబద్ధమనరు. రంగు లేదన్న సంగతి చూసేవాళ్ళకు తెలుసు కదా. కాబట్టి మార్పు చిన్నదా పెద్దదా అన్నది అసలు ప్రశ్న కాదు. చూసేవాళ్ళకు అది తెలుస్తుందా, తెలియకుండా దాచామా అన్నదే ప్రశ్న.

ఇక ‘నా ఫోటో, నా ఇష్టం’ అనే మాట. ఫోటో నీదే, మరి చెట్టు? ఏ ఇప్పచెట్టు కింద పూలు ఏ ఇంటివాళ్ళు ఏరుకోవాలో మన గూడేల్లో చాలాచోట్ల అందరికీ తెలుసు. ఇప్పచెట్టు లేత చిగురు రాగిరంగులో ఉంటుంది. అది చూసి చెట్టు ఏ దశలో ఉందో మనవాళ్ళు చెబుతారు. అందం కోసం ఫోటో అంతటికీ ఎరుపు పూస్తే చిగురూ పండుటాకూ ఒకేలా అయిపోతాయి. వెలుతురు బాగుంటుంది గానీ, చెట్టు చెప్పే మాట వినబడదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు చెరిపివేతతో వస్తుంది. మా ఊరికి వచ్చిన ఒకాయన బడి పక్కనున్న ఇప్పచెట్టును నీరెండలో ఫోటో తీసి, తర్వాత మాకు పంపారు. చాలా బాగుంది. తరగతిలో చూపిస్తే ఒక అమ్మాయి, "సార్, కరెంటు తీగ ఏమైంది?" అని అడిగింది. కొమ్మల మధ్య నుంచి పోయే తీగను అందానికి అడ్డమని తీసేశారు. ఆ తీగ కోసం ఆ పిల్ల తండ్రీ, ఊరి పెద్దలూ ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కారో మాకు తెలుసు. తీగ లేని కొమ్మను చూసినవాళ్ళు, ‘ఎంత స్వచ్ఛమైన అడవి, వీళ్ళకింకేం కావాలి’ అనుకుంటారు. అలా అనుకోబట్టే మన అవసరాలు వెనక్కి పోతాయి. రంగు పెంచినా చెట్టు మన ఊళ్ళోనే ఉంది. తీగ చెరిపేసరికి ఊరే ఫోటోలోంచి పోయింది.

అలాగని ఎడిటింగ్ చేయని ఫోటో నమ్మదగినదని కూడా చెప్పలేం. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాలుస్తారు. ఒక్కోసారి ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. పొగలోంచి వచ్చే ఎండ మంచి నారింజ రంగులో ఉంటుంది. ఆ వెలుతురులో తీసిన కొమ్మకు ఏ ఫిల్టరూ అక్కర్లేదు. కానీ ఆ రంగు పొగ వల్ల వచ్చిందని కింద ఒక్క వాక్యం రాయకపోతే చూసేవాళ్ళకు అందమే తెలుస్తుంది, కాలుతున్న అడవి సంగతి తెలియదు.

అందం కోసమే ఫోటో తీసుకోకూడదా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా తీసుకోవచ్చు. బొమ్మ వేసినట్టు రంగులు నింపుకోవచ్చు కూడా. అది బొమ్మేనని చెబితే చాలు. ‘మా ఊరు ఇలా ఉంటుంది’ అని పంపేటప్పుడు మాత్రం బాధ్యత వస్తుంది.

అందుకే మా పిల్లలకు ఒక పరీక్ష చెబుతుంటాను. మీరు దిద్దిన ఫోటోను ఆ చెట్టు కింద పూలు ఏరే అవ్వకు చూపించండి. వెలుతురు కాస్త ఎక్కువైనా ఆమె పట్టించుకోదు. చూసి, "ఇది మన చెట్టే" అంటే పంపండి. "ఇది ఎక్కడి చెట్టురా?" అని అడిగితే, ఏది తీసేశారో వెతికి మళ్ళీ పెట్టండి.