జంగమ శబ్దము ఎవరిని చెప్పును?

"గోవును తోలుకొని రమ్ము" అని యజమానుడు చెప్పగా సేవకుడు కొట్టమునకు పోయి ఒక గోవును తోలుకొని వచ్చును. గోత్వమును తోలుకొని రాడు. ఈ చిన్న విషయముపై మన శాస్త్రకారులు ఎంతయో చర్చించిరి. శబ్దమునకు అర్థము ద్రవ్యమని వ్యాడి, ఆకృతి యని వాజప్యాయనుడు చెప్పిరి. మీమాంసకులు ఆకృతి పక్షము వహించిరి. వ్యక్తి, ఆకృతి, జాతి మూడును పదార్థమే యని న్యాయసూత్రము. వ్యాకరణపాఠమువలె వినిపించు ఈ వివాదము వీరశైవుని గడప యొద్దకు వచ్చునప్పటికి ధర్మసందేహమగును.

అష్టావరణములలో గురువన్నచో తనకు దీక్ష యొసగినవాడు. లింగమన్నచో తన కరస్థలమున వెలయు ఇష్టలింగము; పొరుగువానిది కాదు. ఈ రెండింట వ్యక్తి నిశ్చితము. జంగమమునకు అట్టి నియతి లేదు. నిన్న వచ్చినవాడు వేరు, నేడు వచ్చినవాడు వేరు. 'గమ్' ధాతువునుండి పుట్టిన ఈ శబ్దమునకు మరల మరల సంచరించునది యని అర్థము, నిలిచియుండునది స్థావరము. (దస్తావేజులలో 'స్థావర జంగమాస్తులు' అని వ్రాసినప్పుడు జంగమమనగా పశువులు, నగలు, పాత్రలు! శబ్దమదియే, చూపు వస్తువు వేరు.) ఎదుట నిలిచినప్పుడే ఎవరిని చెప్పుచున్నదో తెలియు మాట యిది, 'ఇతడు' అను సర్వనామమునకు దగ్గరి చుట్టము.

చిక్కంతయు ఇచటనే యున్నది. మాటను జాతిపరముగా మాత్రమే గ్రహించినవానికి భక్తి మిక్కిలి సులభము. జంగమతత్త్వమునకు ఆకలి లేదు, దుమ్ముపట్టిన పాదములు లేవు, అది వేళగాని వేళ రాదు. సభలో దానిని కీర్తించి, ఇంటి అరుగుపై కూర్చున్నవానిని "పై యింటికి పొమ్ము" అని పంపువాడు తాను జంగమమును తిరస్కరించితినని అనుకొనడు. భుజింపని లింగమునకు నైవేద్యమిడి భుజించు జంగమమును పొమ్మను ఈ నడవడినే బసవేశ్వరుడు గర్హించెను.

జంగమ వంశమున జన్మించినవారే జంగములని కొందరందురు. లోకమున అది కులనామమైన మాట నిజమే. కాని కులనామమును మరల ఒక సముదాయమునే చెప్పును. వాకిట నిలిచినవానిని చూపదు. శూన్యసింహాసన మధిష్ఠించిన అల్లమప్రభువు మద్దెల వాయించినవాడని సంప్రదాయము చెప్పుచున్నది గదా.

వచ్చినవాడు వేషధారియైనచో? గృహస్థుని ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అప్పుడు తప్పినది గుణనిర్ణయము మాత్రమే. భక్తుడు ఉద్దేశించిన వ్యక్తి ఎదుటనున్న యితడే, అన్నము చేరినదియు ఇతనికే. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మిండజంగముల కథలు కలవు. వారి నడవడి ఎరుగనివాడు కాదు బసవన్న. ఎరిగియు వారిని జంగమములనియే పిలిచి, అడిగినది యిచ్చెను.