దాచిన గొంతు ఎవరిది?

అపురూపమైన వస్తువును దాచుకోవటం తప్పు కాదు. కాని ఆ వస్తువు మరొక మనిషి మాట ఐతే దాచేవాడి మీద ఒక బాధ్యత పడుతుంది. ఇది తెలుసుకోవటానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.

పాశ్చాత్య దేశాల్లో రాక్ గాయకుల ఇంటర్వ్యూల టేపులను వెతికి వెతికి సేకరించేవాళ్లున్నారు. వాళ్లది వెర్రి అని కొట్టిపారెయ్యటం తేలికే. కాని అటువంటి వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. మార్కాపురం పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాసినట్టు 1960లలో బి.బి.సి. తన టేపులెన్నిటినో తుడిచి మళ్లీ వాడుకుంది. టేపు ఖరీదు, పాటగాడి గొంతు చవక! బీటిల్స్ అక్కడ పాడిన పాటలను 1994లో ఆల్బంగా వెయ్యబోతే, కొన్నిటికి శ్రోతలు ఇళ్లలో రేడియో నుంచి పట్టుకున్న ప్రతులే దిక్కయినాయి. సంస్థ పారేసినదాన్ని మామూలు మనుషులు కాపాడారు.

ఐతే కాపాడినవాడు సొంతదారవుతాడా? 1970 డిసెంబరులో జాన్ లెనన్ 'రోలింగ్ స్టోన్' సంపాదకుడికి సుదీర్ఘమైన ఇంటర్వ్యూ ఇచ్చాడు. అది పత్రికలో వచ్చింది. 1971లో దాన్నే పుస్తకంగా వేస్తే లెనన్ ఆగ్రహించాడు. ఒక మాటను ఏ పనికోసం ఇచ్చామన్నది కూడా ఆ మాటలో భాగమే. టేపు చేతిలో ఉన్నవాడు ముందుగా మరిచిపోయేది దీన్నే.

మనవైపు చూద్దాం. ప్రజానాట్యమండలి బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ జీవితం ఇవాళ మనకు ఆయన మాటల్లోనే తెలుస్తున్నది. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి 'పింజారి'గా రాసి జనం ముందు పెట్టాడు. అదే ఏ బీరువాలోనో ఉంటే ఇంకా అపురూపమై ఉండేది. ఎవరికీ పనికివచ్చేది కాదు.

నేను చేసింది ఆ బీరువా పనే. 1984లో దర్శి దగ్గరి పల్లెలో ఒక బుర్రకథకుడి చేత ఆయన కథ చెప్పించి క్యాసెట్టులో ఎక్కించాను. గంట సంభాషణ. "ఇది నా దగ్గర తప్ప ఎక్కడా లేదు" అని మిత్రులతో గొప్పలు చెప్పుకున్నాను. ఆయన పోయినాక కూతురు వచ్చి రెండుసార్లు అడిగింది. టేపు పాడవుతుందని సాకు చెప్పాను. అసలు కదిలించని టేపుకీ చేటే: చుట్టలో ఒక పొర మీది ధ్వని పక్క పొరకు అంటుకుంటుంది, చెమ్మకు బూజు పడుతుంది.

మూడోసారి వినిపించాను. "ఆ ఏడు గుమ్మెట పోయింది. మళ్లీ కథ కట్టలేదు" అని ఆయన అన్న చోట ఆమె ఆపమంది.

"గుమ్మెటంటే వాయిద్యం కాదు సారూ, మా చిన్నాయన. హాస్యపు వంత ఆయనే. నాయన ఆయన్ని అట్లానే పిలిచేవాడు."

ఇరవైసార్లు విన్నాను. వాయిద్యం పోతే మరొకటి కొనుక్కోవచ్చునే, కథ ఎందుకు మానాడని ఆయన్ని లోలోపల తప్పుపట్టాను కూడా. ఒక తమ్ముడి చావు నా చెవిలో విరిగిన వాయిద్యమై కూర్చుంది. టేపు నాది, అర్థం ఆమెది.

అపురూపత వస్తువు గుణం కాదు. పదిమందికి లేకపోవటమే దాని విలువ. అది సంతలో చెల్లే విలువ, జ్ఞానానిది కాదు. ఐతే అన్నిటినీ వీధిన పెట్టాలా? ఆమెనే అడిగాను. "అప్పుల సంగతి ఒక్కటీ ఊళ్లో వినిపించొద్దు. అప్పిచ్చినాయన మనవలు మా వీధిలోనే ఉన్నారు" అంది. ఆ నాలుగు నిమిషాలూ తీసి నకళ్లు చేశాము. అసలు టేపు ఆమెకిచ్చాను.

ఇప్పుడది ఆ పల్లె కుర్రాళ్ల ఫోన్లలో ఉంది. నా దగ్గర అపురూపమైనదేదీ లేదు. కాని మొన్న ఒక కుర్రాడు వచ్చి, ఆయన చెప్పిన కథలో ఒక ఊరి పేరు నేను తప్పుగా రాసుకున్నానని దిద్దిపోయాడు.