కారే కప్పు కింద ఎవరి ఓర్పు

‘సర్దుకోవడం’ అనే మాటని మనం ముందు వస్తువులకే వాడతాం. పెట్టె సర్దుకుంటాం, బీరువా సర్దుకుంటాం. మనుషులు సర్దుకుపోవడం ఆ తర్వాతి సంగతి. ఈ రెండు అర్థాలూ ఒకదాంట్లోంచి ఒకటి ఎలా వస్తాయో చూడాలంటే కారే ఇంట్లో ఉండాలి. ముందు మంచం జరుగుతుంది. తర్వాత బియ్యం బస్తా, పుస్తకాల అట్టపెట్టెలు. ఆఖర్న మనం జరుగుతాం, ఎంత జరిగామో మనకే తెలీకుండా.

బందరులో మేం అద్దెకుంటున్నది పాత డాబా. నడిమి గదిలో నాలుగు చోట్ల కారుతుంది. బొట్టు పడే చోటుకి సరిగ్గా పైనే చిల్లు ఉంటుందనుకుంటాం గానీ, నీళ్ళు ఎక్కడో బీటలో దిగి, స్లాబులో దారి వెతుక్కుని, ఇంకెక్కడో తేలతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇంకో చిక్కుంది. ఉప్పూ తేమా కలిసి లోపలి ఇనప ఊచలకి తుప్పు పట్టిస్తాయి. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది చుట్టూ ఉన్న కాంక్రీటుని బయటికి నెడుతుంది, పెచ్చులూడతాయి, ఊడిన చోట నీళ్ళు మరింత తేలిగ్గా దిగుతాయి. మనం ఊరికే ఎదురుచూస్తున్నాం అనుకునే నెలల్లో కూడా పైన ఆ పని జరుగుతూనే ఉంటుంది.

“తడి మీద కెమికల్ పట్టదండీ, బాగా ఎండాలి” అంటాడు తాపీమేస్త్రి. నిజమే. కానీ ఇక్కడ నైరుతి వానలు వెళ్ళాయో లేదో తుపాన్లు మొదలవుతాయి. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. సంక్రాంతికి ఎండ కాస్తుంది, కారడం ఆగుతుంది. కారని కప్పు మీద డబ్బు పెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? అమెరికాలో ‘అర్కాన్సా ట్రావెలర్’ అనే పాత జానపద హాస్యంలో ఓ ఇంటాయన సరిగ్గా ఈ జవాబే చెబుతాడు: వానలో బాగుచేయలేడు, వాన లేనప్పుడు అవసరం లేదు. అతని బద్ధకానికి జనం నవ్వుతారు. నాకైతే అతని మీద కొంచెం అసూయే. ఇల్లూ అతనిదే, తడిసేదీ అతనే.

అద్దె ఇంట్లో ఇవి విడిపోతాయి. తడిసేది ఒకరు, ఎప్పుడు బాగుచేయాలో తేల్చేది ఇంకొకరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దీని గురించి ఆలోచించింది. మరమ్మతు యజమాని బాధ్యత అయినప్పుడు, చెప్పాక సహేతుకమైన సమయంలో ఆయన చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చని 108వ సెక్షన్లో ఉంది, ఒప్పందంలోనో స్థానిక ఆచారంలోనో వేరేగా లేకపోతే. ఆ ‘సహేతుకమైన సమయం’ ఎన్ని బక్కెట్లు? లెక్క మనకే వదిలేశారు.

మా ఇంటాయన చెడ్డవాడేం కాదు. వయసైనవాడు, మందుల ఖర్చే ఆయనకి తలకు మించిన భారం. పైగా కప్పు బాగుపడితే అద్దె పెరుగుతుంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ కారడంలో నా లాభం కూడా కొంత ఉంది. అందుకే ఆయన ఫోన్ చేసి “ఎలా ఉందండీ?” అంటే “పర్లేదండీ, సర్దుకుంటున్నాం” అనే మాట అంత సులువుగా వస్తుంది. రాత్రిళ్ళు టప్ టప్ మని చప్పుడవుతుంటే నిద్ర పట్టదని అమ్మ బక్కెట్లో పాత తువ్వాలు వేస్తుంది. చప్పుడు పోతుంది. మనం ఎంత నేర్పుగా ఓర్చుకుంటే అవతలివాళ్ళకి అంత తక్కువ వినిపిస్తుంది.

గుడివాడలో మా పిన్ని ఉండే పెంకుటింటిది ఇంకో రకం నిరీక్షణ. వారసులు నలుగురు. పంపకాలు తేలకుండా డబ్బు పెడితే అది లెక్కలోకి రాదని ఎవరి భయం వాళ్ళది. ధాన్యం మీద కప్పే బరకం పెంకుల మీద కప్పి, ఆ కింద పిన్ని ఒక్కతే ఉంటోంది. పండక్కి వచ్చినప్పుడు నలుగురూ అనేది ఒకటే: మా వదినకి భూదేవికున్నంత ఓర్పు. ఇలాంటి పొగడ్త వినపడ్డప్పుడల్లా దానివల్ల ఎవరి ఖర్చు తప్పుతోందో చూడాలని నాకు అనిపిస్తుంది.

అమ్మ ఓర్పు మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక వైపు. ఆ రోజుల్లో తాటాకు ఇళ్ళు. రెండు మూడేళ్ళకోసారి, వేసవిలో, వానలకి ముందే ఇల్లు కప్పుకునేవాళ్ళట. తాటాకు ఎప్పటికీ ఉంటానని మాటివ్వదు కాబట్టి దాని మరమ్మతుకి ఒక రుతువుండేది. స్లాబుకి అది లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. 10,000 మందికి పైగా పోయారు. తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, వాటిలోనూ కొన్ని ఉప్పుగాలికి పెచ్చులూడి శిథిలమయ్యాయి. అప్పటికి అమ్మకి పదేళ్ళు. “నాలుగు బొట్లకే ఇంత గోలేమిట్రా” అంటుంది. సముద్రం ఇంట్లోకి రావడం చూసిన మనిషి ముందు చెమ్మ గురించి ఏం మాట్లాడతాం? అంత పెద్ద ఘోరం పక్కన పెడితే ఏ నిర్లక్ష్యమైనా చిన్నదిగానే కనిపిస్తుంది.

పోయిన నెలలో ఓ మధ్యాహ్నం అరచేయంత పెచ్చు ఊడి అమ్మ మంచం మీద, తలగడ వైపు పడింది. ఆమె అప్పుడు వంటింట్లో ఉంది. “నాకేం కాలేదుగా” అంది.

నిద్ర పోగొట్టుకోవడం, పుస్తకాలు తడుపుకోవడం, అద్దె మిగుల్చుకోవడం నా బేరం. ఆ ఓర్పు నాది, ఎన్నాళ్ళైనా పెట్టుకోవచ్చు. ఆ తలగడ నా బేరంలో లేదు. ఆమె సరే అంటోంది కదా అంటారా? అరవైకి దగ్గరపడేదాకా అన్నిటికీ సరే అన్న మనిషి చెప్పే సరేని ఒప్పుకోలు అనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. అలా అని కాదనుకుంటే, ఆమె మాటని కొట్టిపారేసినవాణ్ణి అవుతాను. ఇది ఇంకా తేల్చుకోలేదు.

ఈలోగా అమ్మ మంచం ముందుగదిలోకి మార్చాను. పెచ్చు ఫొటో, తేదీ, మేస్త్రి చెప్పిన ఖర్చు పెట్టి ఇంటాయనకి రసీదు వచ్చేలా పోస్టులో ఉత్తరం పంపాను: సంక్రాంతి వెళ్ళిన వారంలో పని మొదలవ్వాలి, లేకపోతే నేను చేయించి అద్దెలో తగ్గించుకుంటాను, పని బాగా జరిగితే అద్దె పెంపు గురించి కూర్చుని మాట్లాడుకుందాం. “పాపం, పెద్దాయనకి ఇవన్నీ రాయాలా?” అంది అమ్మ. రాయాలన్నాను. ఆమె రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందిన రసీదు నిన్న వచ్చింది, ఆయన సంతకం కొంచెం వణికింది.