సంతానం కలగకపోతే తప్పు కోడలిదేనా?

ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. "మౌలానా సాబ్! నికాహ్ అయి ఐదేళ్లయింది, పిల్లలు లేరు. అమ్మీ రెండో నికాహ్ చేసుకోమంటోంది" అన్నాడు. "మీరు పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగాను. తలదించుకున్నాడు. భార్యకు ఎన్నో పరీక్షలు చేయించాడు. తాను ఒక్కటీ చేయించుకోలేదు.

సోదరులారా, ఇది న్యాయమేనా? అల్లాహ్ తాను కోరిన వారికి కుమార్తెలను, కుమారులను ప్రసాదిస్తాడనీ, తాను కోరిన వారిని సంతానం లేనివారిగా ఉంచుతాడనీ షూరా సూరా (42:49, 50) తెలుపుతోంది. అందులో స్త్రీని మాత్రమే వేరుచేసి చెప్పలేదు.

వైద్యులు చెప్పేదీ ఇదే. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుని లోపం కూడా ఉంటుంది. వీర్యకణాలు చురుగ్గా ఈదితేనే అండాన్ని చేరగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో కదిలే కణాలకు 42 శాతాన్ని, ముందుకు సాగే కణాలకు 30 శాతాన్ని కనీస హద్దుగా పేర్కొంది. అంతకు తగ్గితే సంతానం కలగదని కాదు, కష్టమవుతుందని అర్థం.

వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, ఇన్ఫెక్షన్లు, సిగరెట్, అధిక వేడి, కండల కోసం వాడే స్టెరాయిడ్లు వీర్యకణాలకు హాని చేస్తాయి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కనుక చెడు అలవాటు మానిన ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా ఓపిక పట్టాలి.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అవసరమైనప్పుడు వీర్య పరీక్షకు షరీఅత్ అనుమతి ఉంది. నమూనాను భార్య ద్వారా సేకరించడం మేలు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, తప్పనిసరైతే భార్యాభర్తల మధ్యనే కృత్రిమ గర్భధారణకు అనుమతించింది. పరాయి వ్యక్తి వీర్యాన్ని గానీ, అండాన్ని గానీ వాడటం హరామ్ అని తేల్చింది.

హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలోనూ నిరాశ చెందలేదు. తన ప్రభువునే వేడుకున్నారు. ఆయనకు యహ్యా (అలైహిస్సలాం) ప్రసాదించబడ్డారు.

అత్తలారా! పరీక్ష జరగకముందే కోడలిని గొడ్రాలని నిందించకండి. నిర్దోషిపై నింద మోపడం పాపం. భర్తలారా! సిగ్గుపడి భార్యను దోషిగా నిలబెట్టకండి. ఆ యువకునితో నేను అన్నది ఒక్కటే: "ముందు మీరు పరీక్ష చేయించుకోండి. తర్వాత ఇద్దరూ కలిసి దుఆ చేయండి."

అల్లాహ్ మనందరికీ న్యాయబుద్ధిని, సహనాన్ని, సజ్జన సంతానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.