లోతు గడియారము

వస్తుసంగ్రహము గుణమా, దోషమా యను ప్రశ్నము పాతదే. వరంగల్లున నా మిత్రుని బీరువాలో చూచిన యొక చేతిగడియారము నన్ను మరల దానియొద్దకు తెచ్చినది.

అది స్విట్జర్లాండునందలి ఫావర్ లూబా వారు 1960వ దశకమున చేసిన బాథీ యనునది. కాలముతోపాటు నీటి లోతును గూడ చూపును. వెనుకమూత రంధ్రములగుండ నీరు చొచ్చి పలుచని లోహపుపొరను నొక్కగా, ఆ కదలిక ముల్లునకు అందును. మఱికొందఱు తయారీదారులు సన్నని గొట్టమున గాలిని బంధించి అదే పని చేయించిరి. పది మీటర్ల లోతున ఆ గాలి సగమగును. ముప్పది మీటర్ల లోతున నాలుగవ వంతగును. కావున లోతు హెచ్చినకొలది గీతలు ఇరుకై, ఒడ్డుదగ్గర స్పష్టముగ పలికిన సాధనము లోతున తడబడును.

నేడు మునుగువారు ఎలక్ట్రానిక్ యంత్రములనే ధరింతురు. పాతవాని రబ్బరు వలయములు ఎండిపోవుటచే, నీటికొరకు పుట్టిన గడియారము నీటికే భయపడవలసివచ్చినది.

మిత్రుని చిన్నకూతురు దానిని చూచి, "నాన్నా, ఇది ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా?" అని యడిగెను.

"మునిగితే పాడైపోతుందమ్మా" అని అతడు నవ్వెను.

నాకు నవ్వు రాలేదు. సంస్కృతమున, ఆంగ్లమున మానవసమత్వమునుగూర్చి నేను చదివిన వాక్యము లెన్నో కలవు. బడిలో బోధించినవి అంతకంటె నెక్కువ. అయినను మా యింట పనిచేయు స్త్రీకి వేరు గ్లాసు ఉండెను. నా వాక్యములును పొడిబీరువాలోనివే కదా!

మన పూర్వుల ఘటికాపాత్ర అట్టిది కాదు. అడుగున చిన్న రంధ్రముగల ఆ రాగిగిన్నె నీటిపై నుంచగా 24 నిమిషములకు మునుగును. అహోరాత్రమున 60 మారులు మునుగును. మునిగిననేగాని అది లెక్క చెప్పదు.

సంగ్రహమును నేను నిందింపను. మూడవ సాలార్‌జంగు కూర్చిన వస్తువులు 1951లో ప్రారంభమైన హైదరాబాదు మ్యూజియమున నేడు అందఱికిని విద్య గఱపుచున్నవి. పాత గడియారమును నీటికి దూరముగ నుంచుట వివేకమే. ధర్మమును ఆచరణమునకు దూరముగ నుంచుట మాత్రము పిరికితనము. వస్తువునకు చెల్లిన న్యాయము విశ్వాసమునకు చెల్లదు.

ఆ సాయంకాలము ఇల్లు చేరి ఆ వేరు గ్లాసును తీసివేసితిని. నా భార్య వాదింపలేదు. "ఇన్నాళ్లు ఎందుకు ఉంచామండీ?" అని మాత్రము అడిగినది. ఇంత చదివియు నేను దానికి బదులు చెప్పలేకపోయితిని.