తేనెపట్టు - కాయకధర్మము

పరుల కాయకఫలమున మనకెంత భాగము గలదు? తేనె కోయు చేతికి ఈ ప్రశ్న తప్పదు.

కొండచరియలయందును, మహావృక్షముల కొమ్మలయందును పెద్ద తేనెటీగలు ఒక్కటే పట్టు కట్టును. దాని పైభాగమున తేనెయు, క్రిందిభాగమున పిల్లలును ఉండును. పూలులేని దినములలో ఆ తేనెయే వాని ఆహారము. పని ఈగ ఆయువు కొన్ని వారములే. అది కూర్చిన తేనెలో అధికభాగము తోడి ఈగలకే చెందును. పుప్పొడిని మోసి పూవునకును మేలు చేయును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు బోధించిన కాయక దాసోహములకు ఇంతకంటె దృష్టాంతము వలయునా?

అడవితేనె తీయువారిలో పొగబెట్టి పట్టంతయు కోసి పిండువారు గలరు, పిల్లలు నశించును. తేనెగల భాగము మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును విడుచువారును గలరు. చెట్టుతొఱ్ఱలలో వసించు జాతులను పెట్టెలలో పెంచువారికి ఇది పాఠము. తేనెయంతయు గైకొని, ఆకలివేళ చక్కెరపాకము పోసినంతనే ఋణము తీరునా? "పెంచినవాడను నేనే గదా" యనుట సులభము. నిజమే, పెట్టె కట్టుటయు, చీమల బారినుండి కాచుటయు కాయకమే. కాని కాయకమునకు భాగము గలదు, సర్వస్వము లేదు. గూటికి వలసినది గూటికే విడిచి, మిగులు గైకొనుటయే న్యాయము.

పంచామృతములలో తేనె యొకటి. ఇష్టలింగమునకు అర్పించు తేనెచుక్క వెనుక ఆకలిగొన్న గూడున్నచో అది ప్రసాదమగునా? ప్రతి శరణుడును యోచింపవలెను.