సీమకోడిది ఏ ఊరు?

ధ్యాన భాగము: ఆదికాండము 16:1–14; యెషయా 43:1





పోయిన డిసెంబరులో పుంగ్గోల్‌లోని మా ఇంట్లో క్రిస్మస్ గృహ కూడిక జరిగింది. పులిహోర, గోంగూర పచ్చడి, కోడికూర మధ్యలో ఒక కుటుంబం పెద్ద టర్కీ కోడిని కాల్పించి తెచ్చి పెట్టారు. లిఫ్టులో వారికి మా పక్కింటి మలయ్ ఆంటీ ఎదురై, ఆ పళ్లెం చూసి, "ఆయమ్ బెలాండా!" అన్నారట. మలయ్ భాషలో ఆయమ్ అంటే కోడి, బెలాండా అంటే డచ్చివారి దేశం. వాళ్లబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడు నేరుగా నా దగ్గరికి వచ్చి అడిగాడు: "అంకుల్, పేరేమో టర్కీ, ఆంటీ ఏమో డచ్ కోడి అంటున్నారు. అసలు దీనిది ఏ ఊరు?"

ఆ రాత్రి వాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్న కొద్దీ ఆ ప్రశ్న కోడి దగ్గర ఆగలేదు, నా దగ్గరికే వచ్చింది. అందుకే ఈ నెల మీతో ఈ మాటలు పంచుకుంటున్నాను.

అందరికీ పొరుగూరి పక్షి

ఈ పక్షి పుట్టిల్లు ఉత్తర అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ప్రజలు ఎన్నో వందల ఏళ్ల ముందే దాన్ని పెంపుడు పక్షిగా చేసుకున్నారు. 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వారు దాన్ని యూరపుకు తెచ్చారు. ఇంగ్లీషువారు అంతకుముందే తుర్కుల వర్తకం ద్వారా వచ్చిన గిన్నికోడిని ఎరిగి ఉన్నారు. ఆ పేరునే దీనికీ తగిలించి టర్కీ అన్నారు.

మరి తుర్కులు దాన్ని ఏమంటారు? హిందీ అంటారు, అంటే హిందూదేశపు పక్షి అని. ఫ్రెంచివారి దాండ్ అనే మాటకూ "ఇండియాది" అనే అర్థం. రష్యన్, పోలిష్ భాషల్లోనూ దాని పేరులో ఇండియానే ఉంది. 1492లో కొలంబస్ తాను చేరింది ఇండియా దీవులకే అనుకున్నాడు కదా, ఆ పొరపాటు ఈ పక్షి మెడకూ చుట్టుకుంది. డచ్చివారు కాల్కూన్ అన్నారు. అందులో ఉన్నది మన కేరళ తీరపు కోళిక్కోడు, పాత కాలికట్. పోర్చుగీసువారు పెరూ అన్నారు. ఈజిప్టులో దీక్ రూమీ, అంటే రోము కోడి. మలయ్‌లో డచ్చివారి కోడి.

ఇండియా పేరు మోసిన ఈ పక్షిని ఇండియా ఎప్పుడు చూసింది? 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జంతువుల్లో ఇదీ ఒకటి. దాన్ని చూసి జహంగీర్ చక్రవర్తి ఆశ్చర్యపోయాడు. అటువంటివి తానెన్నడూ చూడలేదనీ, వాటి పేర్లు ఎవరికీ తెలియవనీ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత దాని బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సగం యూరపు "ఇండియా పక్షి" అని పిలుస్తున్న దానికి ఇండియాలో పేరే లేదు!

మన తెలుగువారు సీమకోడి అన్నారు. సీమచింత, సీమవంకాయ అన్నట్టే. సముద్రం దాటి వచ్చింది, మనది కాదు అని చెప్పడానికి మనకున్న మాట సీమ. అందరూ దాన్ని పొరుగువాడిదే అన్నారు. మాది అన్నవాళ్లు లేరు.

పేరు ఎవరి సంగతి చెబుతుంది?

ప్రియులారా, ఈ పేర్లన్నిటిలో ఆ పక్షి గురించి మనకు తెలిసింది ఎంత? దాని రెక్క, దాని గొంతు, అది పుట్టిన అడవి, ఏదీ లేదు. తెలిసిందల్లా పేరు పెట్టినవాళ్ల గురించే. వాళ్ల ఓడలు ఎటు తిరిగాయో, వాళ్లు ఏది ఎక్కడ ఉందనుకున్నారో, అంతే.

మనకూ ఇది కొత్త కాదు. ఈ దేశంలో మనల్ని చూడగానే తమిళంలో పలకరిస్తారు. తెలుగు అంటే అదేమిటని అడుగుతారు. సరే, సెలవుల్లో ఊరికి వెళ్తే? "సింగపూర్ వాళ్లు వచ్చారు" అంటారు. పుట్టిన ఊళ్లోనూ మనం సీమవాళ్లమే. ఇక్కడ ఇండియా పేరు, అక్కడ సింగపూర్ పేరు. హెబ్రీ పత్రిక 11:13లో విశ్వాస వీరులు భూమి మీద తాము పరదేశులమని ఒప్పుకున్నారని చదువుతాం. ఆ మాట మనకు ఎంత దగ్గరిదో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇక్కడితో ఆగితే మన మీద మనం జాలి పడటమే అవుతుంది. దేవుని వాక్యం మనల్ని అక్కడ ఆగనివ్వదు.

నా ఒప్పుకోలు

అదే రాత్రి కూడికకు ఒక సహోదరుడు వచ్చాడు. నిర్మాణ పనుల్లో ఉంటాడు, కార్మికుల డార్మిటరీలో నివాసం. సెలవు దొరికిన ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి ఆరాధనకు వస్తాడు. కుర్చీలు వేసేది ఆయనే, తీసేది ఆయనే. ఆ రాత్రి కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆయన్ని పరిచయం చేస్తూ నేను నవ్వుతూ, "ఈయన మన డార్మిటరీ బ్రదర్" అన్నాను.

ఆయన చేతిలోని పళ్లెం కింద పెట్టి మెల్లగా అన్నాడు: "అన్నా, నాకు పేరుంది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. రెండేళ్లుగా మేము ఒకే పాత్రలోని రొట్టె తీసుకుంటున్నాం. ఆయన పేరు నాకు తెలియదు. ఆయన ఉండే చోటునే ఆయనకు పేరుగా పెట్టాను. టర్కీ అన్నవాళ్లకూ, కాలికట్ అన్నవాళ్లకూ, నాకూ తేడా ఏముంది?

హాగరు బావి దగ్గర

ఆదికాండము 16వ అధ్యాయం ఈసారి ఒక్క విషయం గమనిస్తూ చదవండి. హాగరు ఐగుప్తీయురాలు, పరాయి దేశపు దాసి. ఆమె పేరు ఏమిటో రచయిత మనకు చెబుతాడు. కానీ శారయి నోట ఆ పేరు రాదు, ఆమెకు హాగరు "నా దాసి" మాత్రమే. అబ్రాము నోటా రాదు, ఆయనకు ఆమె "నీ దాసి". తర్వాత 21వ అధ్యాయంలో ఆమెను వెళ్లగొట్టమన్నప్పుడు కూడా శారా ఆమెను దాసి అనే అంటుంది. విశ్వాసులకు తండ్రి అని మనం చెప్పుకునే ఇంట్లోనే ఇది జరిగింది!

మరి ఆమెను మొదట పేరు పెట్టి పిలిచింది ఎవరు? అరణ్యంలో, షూరు మార్గంలో, నీటి బుగ్గ దగ్గర యెహోవా దూత. ఆమె శారయి దాసి అన్న సంగతి ఆయనా దాచలేదు. కానీ హాగరూ అని పిలిచాడు. పిలిచి, ఎక్కడి నుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని రెండు ప్రశ్నలు అడిగాడు. దేవుని దూతకు తెలియక అడిగాడా? కాదు. ఆమె తన కథ తన నోటితో చెప్పుకోవాలని అడిగాడు. అప్పుడు ఆ స్త్రీ ఏం చేసింది? తనను చూస్తున్న దేవుడని తిరిగి ఆయనకే ఒక పేరు పెట్టింది.

యెషయా 43:1లో చెరలో ఉన్న ప్రజలకు దేవుడు ఇచ్చిన ధైర్యం కూడా ఇదే. ఆయన వారిని పేరుతో పిలిచాడు, వారు తనవారని చెప్పాడు. యోహాను 10:3లో మంచి కాపరి తన గొర్రెలను పేరు పేరునా పిలుస్తాడు. ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియ ప్రభువును తోటమాలి అనుకుంది. ఆయన ఆమె పేరు పలికాడు, అప్పుడు గుర్తుపట్టింది. మనుష్యులు మనకు ఊరి పేరు పెడతారు, పని పేరు పెడతారు. "నావాడివి" అని పిలిచేది ఆయన ఒక్కడే.

ఆ పిలుపు విన్న మనం ఇతరులను ఎలా పిలుస్తున్నాం? మన ఇంట్లో పనిచేసే అమ్మాయి పేరు మన పిల్లలకు సరిగా పలకడం వచ్చా? మన బ్లాకు కింద తెల్లవారుజామున ఊడ్చే ఆయన పేరు? మన సంఘంలోనే "ఆ జిల్లా వాళ్లు", "ఆ మందిరం నుంచి వచ్చినవాళ్లు" అని ఎందరికి ముద్ర వేశాం?

హోదు

చివరిగా ఒక మాట. నేటి హెబ్రీ భాషలో ఈ పక్షి పేరు తర్నెగోల్ హోదు, అంటే హిందూదేశపు కోడి. హోదు ఎస్తేరు 1:1లో కనిపించే మన దేశపు పేరే. అక్కడ అహష్వేరోషు రాజ్యం హోదు నుండి కూషు వరకు ఉందని చదువుతాం. కీర్తన 136లో మొదటి మాట కూడా హోదు, అక్కడ దానికి "కృతజ్ఞతలు చెల్లించండి" అని అర్థం. రెండూ వేరు వేరు మాటలు, నేటి రాతలో అక్షరాలు మాత్రం ఒకటే. దీని మీద సిద్ధాంతం కట్టకూడదు. కానీ ఆ అక్షరాలను చూసినప్పుడల్లా నాకు నేను జ్ఞాపకం చేసుకుంటాను: నా దేశం పేరు ఎవరు ఎలా పలికినా, నన్ను నా పేరుతో ఎరిగిన దేవునికి కృతజ్ఞత చెల్లించడం నా వంతు.

ఆ సహోదరునికి నేను క్షమాపణ చెప్పాను. ఒక ఆదివారం ఆరాధన తర్వాత వాటర్‌వే గట్టు మీద కూర్చుని ఆ రెండు ప్రశ్నలూ అడిగాను. ఎక్కడి నుండి వచ్చాడో చెప్పాడు. కూతురి చదువు గురించి, తల్లి మోకాళ్ల నొప్పి గురించి చెప్పాడు. ఆయన పేరు నేనిక్కడ రాయను. వచ్చే ఆదివారం కుర్చీలు తీసేటప్పుడు మీరూ ఒక చెయ్యి వేసి, ఆయన్నే అడగండి.

ప్రార్థన: మమ్మును పేరు పెట్టి పిలిచిన తండ్రీ, నీకు స్తోత్రములు. పరదేశులమైన మమ్మును నీ ఇంటివారిగా చేసుకున్నావు. మా పక్కన కూర్చున్నవారిని ముద్రతో కాక, పేరుతో పిలిచే ప్రేమను మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.